మలుపు దగ్గర దిగేవాళ్ళు

కళ్ళజోళ్ళ కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఒంటిగదిలో ఆమె ట్రావెల్స్ తెరిచినప్పుడు ఆ వీధిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికి ఆమెకున్నదల్లా ఒక పాత వ్యాను, ఒక ఫోను, ఒక అత్తగారు. వ్యాను భర్తది. ఒక ఉదయం కిరాయికి బయల్దేరబోతూ, స్టీరింగు ముందు కూర్చుని, తాళం చేతిలో ఉండగానే అతను పోయాడు. నలభై నిండని మనిషి. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా వ్యాను అమ్మేయమన్నారు. అత్తగారు ఒక్కతే "ఉంచు, వాడు తుడిచి తుడిచి పెట్టుకున్న బండి" అంది.

ఆమెకు బండి తోలడం రాదు గానీ మనుషుల్ని కనిపెట్టడం వచ్చు. మిగతా ట్రావెల్స్ వాళ్ళంతా కుర్రకారు వెంట పడుతున్నారనీ, మోకాళ్ళ నొప్పులవాళ్ళనూ, దారిలో పదిసార్లు బాత్రూముకి వెళ్ళాల్సినవాళ్ళనూ ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదనీ ఆమె గమనించింది. పెద్దవాళ్ళ కోసమే టూర్లు వేసింది. హోటళ్ళలో కింది అంతస్తు గదులు, బస్సు ఎక్కడానికి అదనంగా ఒక చెక్కమెట్టు, కారం తగ్గించిన భోజనం, తొందరపెట్టని డ్రైవరు. ఆ డ్రైవరు ఆమె భర్తతో కలిసి పనిచేసినవాడే. అతని నడక, మాట, బండి తోలడం అన్నీ ఒకే వేగంలో సాగుతాయి కాబట్టి స్టాండులో అందరూ 'నిదానం' అనేవారు. ఆమె మాత్రం బాబాయ్ అని పిలిచేది.

ఫోను దగ్గర అత్తగారు కూర్చుంది. "మేడమ్‌గారున్నారా?" అని ఎవరైనా అడిగితే, "నేను మేడమ్‌గారి అత్తగారిని. నాకు చెబితే ఆవిడకి చెప్పినట్టే. ఆవిడకి చెబితే మాత్రం నాకు మళ్ళీ చెప్పాలి" అనేది. అవతలివాళ్ళు టికెట్ల సంగతి పక్కనపెట్టి బీపీల గురించీ, మాట వినని పిల్లల గురించీ చెప్పుకుని, చివరికి సీటు ఖాయం చేసుకునే ఫోను పెట్టేవారు. ఏ ప్రకటనా తేలేని బేరాలు ఆ గొంతు తెచ్చింది. వ్యాను పోయి చిన్న బస్సొచ్చింది. చిన్న బస్సు పక్కన పెద్ద బస్సు చేరింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళాక మాత్రం ఇద్దరికీ మాటలు అయిపోయేవి. అత్తగారు అలవాటుకొద్దీ మూడు కంచాలు పెట్టి, ఒకటి తీసేసేది. తీసేటప్పుడు కోడలు చూడకూడదనుకునేది. కోడలు చూడనట్టే ఉండేది.

అలా నడుస్తుండగా ఆమె కొండల టూరు మొదలుపెట్టింది. దారి ఘాటు రోడ్డే అయినా నిదానం చేతిలో బండి ఉంటే భయం లేదు. మొదటి బ్యాచి తిరిగొచ్చిన మర్నాడు ఒక రిటైర్డ్ నర్సు స్వీటు పెట్టె పట్టుకుని ఆఫీసుకి వచ్చింది.

"హోటలు పర్వాలేదు, భోజనం బానే ఉంది. కానీ మేడమ్, ఆ మలుపు దగ్గర ఇల్లు ఉంది చూడండి, దాని గురించి ముందే చెప్పలేదేం? అక్కడ టీ తాగాక ప్రాణం ఎంత హాయిగా ఉందో."

ఆమె నవ్వి ఊరుకుంది. టూరులో బండి ఆగే ప్రతి చోటూ ఆమె స్వయంగా వెళ్ళి చూసి పెట్టుకున్నదే. ఆ దారిలో ఏ ఇంటివాళ్ళతోనూ మాట్లాడుకున్న గుర్తు లేదు. తర్వాతి బ్యాచివాళ్ళు కూడా అదే మాట అన్నారు. ఆ తర్వాతివాళ్ళూ అంతే. ఆఖరికి ఆమె షెడ్డుకి వెళ్ళి, బస్సు అద్దం తుడుస్తున్న నిదానాన్ని అడిగింది.

"బాబాయ్, ఎక్కడ ఆపుతున్నావు నువ్వు? ఎవరైనా కమీషన్ ఇస్తున్నారా?"

అతను గుడ్డ పిండి, దులిపి, అద్దం మీద ఆరేశాడు. "నేను ఆపడం లేదమ్మా. పై మలుపు దగ్గర మంచు కమ్మేస్తుంది. ముందు ఏమీ కనపడదు. ఆపక తప్పదు. ఎదురుగా ఆ ఇల్లుంటుంది. అందరూ దిగుతారు. నేను దిగను."

"ఎందుకు?"

"ఏమో. నా మనసు ఒప్పలేదు." అద్దం మీది గుడ్డ సర్దుతూ మళ్ళీ అన్నాడు. "ఇంకో సంగతి. కింద నుంచి ఎక్కేటప్పుడు బండి బరువుగా ఉంటుంది. ఉన్న జనానికి రెట్టింపు జనం కూర్చున్నట్టు గేరు గేరుకీ మూలుగుతుంది. ఆ ఇల్లు దాటాక తేలికైపోతుంది. ఎక్కినవాళ్ళంతా ఉంటారు, సామాన్లూ ఉంటాయి. ఏం తగ్గిందో నాకు తెలీదు."

మెకానిక్కుకి క్లచ్చు చూపించు బాబాయ్ అని చెప్పి ఆమె వచ్చేసింది.

ఆ నెలలోనే ఒక డ్రాయింగు మాస్టారు కొండల టూరుకి వచ్చాడు. భార్య పోయిన మనిషి. పక్కసీటులో వేరెవరూ కూర్చుంటే భరించలేనని, ఆ సీటుకి కూడా డబ్బు కట్టి ఖాళీగా ఉంచమన్నాడు. ఆ సీటు కిటికీ వైపుదే ఉండాలన్నాడు. "ఆవిడకి గాలి కావాలి" అని అత్తగారితో చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అత్తగారు కూడా తుడుచుకుంది.

తిరిగొచ్చాక అదే మనిషి నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. పదేళ్ళు తగ్గినట్టున్నాడు. టూరు చాలా బాగుందన్నాడు. తర్వాత జేబులోంచి టికెట్లు తీసి, మర్యాదగానే అడిగాడు.

"చిన్న పొరపాటు జరిగినట్టుంది మేడమ్. నాకు రెండు సీట్లు ఎందుకిచ్చారు? నేనొక్కణ్ణే కదా."

"మీ ఆవిడ కోసం అన్నారు కదండీ."

అతను ఆమె వైపు జాలిగా చూశాడు. ఎదుటి మనిషి పొరబడితే నొప్పించకుండా సరిదిద్దే చూపు అది. "నాకు పెళ్ళి కాలేదమ్మా" అన్నాడు.

ఫోను దగ్గర అత్తగారి చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఆ తర్వాత ఆమె తిరిగొచ్చినవాళ్ళని జాగ్రత్తగా చూడడం మొదలుపెట్టింది. కూతుర్ని పోగొట్టుకున్న దర్జీ ఆవిడ నవ్వుతూ వచ్చి, పిల్లల బాధ్యతలేవీ లేవు కాబట్టి ఇంకో టూరుకి వెళ్ళాలనుకుంటున్నానంది. పోయిన తమ్ముడి కోసం ఏళ్ళ తరబడి నల్ల చొక్కా తప్ప తొడగని గడియారాల మెకానిక్కు పువ్వుల చొక్కాలో వచ్చాడు. ఎవరికీ ఏ బాధా లేదు. ఎవరి కోసం బాధపడ్డారో ఆ మనిషే వాళ్ళ గుర్తులో లేడు.

ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక ఆపేసిందా అంటే, లేదు. మనవళ్ళూ కొడుకులూ ఆఫీసు ముందు బారులు తీరుతున్నారు. 'మా నాయనమ్మ మంచం దిగట్లేదు, మీ కొండల టూరుకి పంపితే మనిషి మామూలవుతుందట' అంటున్నారు. స్టేషను దగ్గర రెండో ఆఫీసు తెరిచింది. ఇంకో బస్సు లీజుకి తీసుకుంది. ఏడ్చేవాళ్ళు నవ్వుతూ వస్తుంటే తప్పేముందని తనకి తాను చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ ఆ మాట కాస్త గట్టిగా చెప్పుకోవాల్సి వచ్చింది.

డ్రాయింగు మాస్టారి కూతురు వచ్చింది ఒకరోజు. అరవలేదు. కుర్చీలో కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని మాట్లాడింది.

"ఇంట్లో మా అమ్మ బొమ్మలు వందకి పైగా ఉన్నాయి, మా నాన్న వేసినవే. అవన్నీ తీసి పాత కాగితాలవాడికి ఇవ్వబోతుంటే పట్టుకున్నాను. ఎవరీవిడ, ముఖం సరిగ్గా కుదర్లేదు అంటున్నాడు. నన్నేమో పెంచుకున్నానంటున్నాడు. మేడమ్, మా నాన్న సంతోషంగానే ఉన్నాడు. కానీ మా అమ్మ గురించి నేనింక ఎవరితో మాట్లాడుకోవాలి?"

ఆ అమ్మాయి జవాబు కోసం ఆగకుండా లేచి వెళ్ళిపోయింది.

వచ్చే బస్సులో తనే వెళ్ళి ఆ ఇల్లేమిటో చూసి వస్తానని ఆమె ఆ సాయంత్రం చెప్పింది. అత్తగారు బట్టలు మడతపెడుతోంది.

"నేనూ వస్తాను."

"వద్దు అత్తయ్యా. ఘాటు రోడ్డు, మీకు పడదు."

"పడకపోవడం కాదు, అక్కడేం జరుగుతుందో నాకు తెలుసని నీ భయం. వెళ్ళొచ్చినవాళ్ళంతా ముందు ఫోను చేసేది నాకే. నీకంటే ముందే నాకు అర్థమైంది." మడతపెట్టిన చీర పక్కన పెట్టింది. "నేను మోయలేకపోతున్నానే అమ్మాయ్."

"ఆయన్ని మర్చిపోతే నేను మీకేమవుతాను?"

అత్తగారు ఇంకో చీర తీసి అంచులు కలిపింది. "అది మటుకు నేనూ ఆలోచించాను" అంది చివరికి. "నిద్ర పట్టేది కాదు ఆలోచిస్తే. నీకు నా మీద కోపం రాకపోతే చాలు."

అత్తగారు వినకుండా వెంట బయల్దేరేసరికి ఆమె ఇల్లు చూడాలన్న మాట వదులుకుంది. బస్సు బయల్దేరేముందు నిదానాన్ని పక్కకి పిలిచి, మంచు పట్టినా ఏం పట్టినా ఆ మలుపు దగ్గర ఆపొద్దని గట్టిగా చెప్పింది. అతను తలూపాడు.

కొండ మొదలయ్యేదాకా అంతా మామూలే. వెనక సీట్లవాళ్ళు ఊళ్ళ కబుర్లు చెప్పుకుంటున్నారు. ముందు సీట్లో అత్తగారు కిటికీ వైపు, ఆమె ఇవతల. ఎత్తు ఎక్కడం మొదలవగానే ఇంజను గొంతు మారింది. రెండో గేరు, మొదటి గేరు. బస్సు ముక్కుతూ పాకుతోంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఈసారి బుకింగులు తనే తగ్గించింది, సీట్లు సగం ఖాళీ. అయినా కూర్చున్న ప్రతి మనిషీ ఒక పక్కకి ఒదిగి, ఇంకొకరికి చోటిచ్చినట్టు కూర్చున్నాడు. తనూ అలాగే కూర్చుని ఉందని అప్పుడు చూసుకుంది.

మిట్టమధ్యాహ్నం మంచు దిగింది. ముందు అద్దం తెల్లగా అయిపోయింది. వైపరు కొట్టుకుంటూనే ఉంది గానీ తుడవడానికి అక్కడ నీళ్ళూ లేవు, ఏమీ లేవు.

"పోనీ బాబాయ్. ఆపకు."

"పోనిస్తున్నానమ్మా. కాలు యాక్సిలేటరు మీదే ఉంది."

ఇంజను మోగుతోంది. బస్సు మాత్రం నిలబడే ఉంది. తలుపు దానంతట అదే తెరుచుకుంది. రేకుల కప్పు, పొడుగాటి వరండా, రెండు బల్లలు, లోపల ఎక్కడో పొయ్యి. ఏ రోడ్డు పక్కనైనా ఉండే ఇల్లే. ఒకావిడ బూడిదరంగు స్వెట్టరు చేతులు పైకి మడిచి, బస్సు కడ్డీ పట్టుకుని లోపలికి తొంగిచూసింది. వయసు చెప్పడం కష్టం. కండక్టరు అడిగినట్టే అడిగింది.

"దిగేవాళ్ళున్నారా?"

అందరూ లేచారు. ఒక్కొక్కరు దిగుతుంటే చెక్కమెట్టు రెండేసిసార్లు కిర్రుమంది. ఒక మనిషి దిగుతాడు, కిర్రు. ఎవరూ లేకుండా మళ్ళీ కిర్రు. ఆ తర్వాత ఇంకో మనిషి. ఆమె వెనక్కి తగ్గేలోపు అత్తగారు తనని దాటుకుని మెట్టు దిగింది. ఆమె కూడా దిగక తప్పలేదు.

వరండాలో ఆ ఇంటావిడ ప్రతి ఒక్కరి ముందూ రెండు గ్లాసులు పెట్టి టీ పోసింది. ఎవరూ ఎందుకని అడగలేదు. మొదటి గ్లాసు ఎవరిది వారు తాగుతున్నారు. రెండో గ్లాసుని ఎవరూ ముట్టుకోవడం లేదు. అయినా అందులో టీ కొద్దికొద్దిగా తగ్గుతోంది. పొడుగాటి బల్ల చివర ఒక ముసలాయన ఆ రెండో గ్లాసు వైపు చూస్తూ ఏదో చెప్పుకుంటున్నాడు. గ్లాసు ఖాళీ అయింది. ఆయన మాట మధ్యలో ఆగిపోయి, తను ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియనట్టు అటూ ఇటూ చూసి, సిగ్గుపడి నవ్వాడు.

ఇంటి వెనక గులకరాళ్ళ మీద అడుగుల చప్పుడు దూరమవుతూ వినిపించింది.

"మీరు ట్రావెల్సావిడ కదా" అంది ఇంటావిడ ఆమె ముందు కూడా రెండు గ్లాసులు పెడుతూ. "మీ బస్సులో వచ్చేవాళ్ళు మంచివాళ్ళు. తోసుకోరు."

"దిగినవాళ్ళు ఎక్కడికి పోతారు?"

"వెనక దారుంది. నేనెప్పుడూ అటు పోలేదు. పొయ్యి వదిలి ఎలా పోను?"

"మా అత్తయ్యా, నేనూ తెచ్చింది ఒక్క మనిషినే. ఆవిడ దించేస్తే?"

ఇంటావిడ గుడ్డతో బల్ల తుడిచింది. "ఇద్దరు పట్టుకున్న సామాను ఒకరు వదిలేస్తే ఏమవుతుంది? రెండో చేతి మీద పడుతుంది. అంతే."

ఆమె తన రెండో గ్లాసు మీద అరచెయ్యి మూతగా పెట్టింది. కింద నుంచి వెచ్చటి ఊపిరిలా ఆవిరి చేతికి తగిలింది. "తాగొద్దు" అంది ఎవరూ లేని చోటుకి. "నువ్వు తాగొద్దు. మనం వెళ్ళాలి."

తర్వాత అత్తగారి భుజం పట్టుకుంది. "అత్తయ్యా, లేవండి. పోదాం."

"వాడు అలిసిపోయాడే" అంది అత్తగారు తల తిప్పకుండా. "ఎన్నాళ్ళని తాళం పట్టుకుని ఆ సీట్లో కూర్చుంటాడు? నేను పట్టుకున్నాననే కూర్చున్నాడు."

"నేనూ పట్టుకున్నాను కదా."

"నీ చేతుల్లో బలముంది. మోస్తావు." అని, తన గ్లాసులో అడుగున మిగిలింది తాగేసింది. పక్క గ్లాసు అప్పటికే ఖాళీ అయింది.

అత్తగారి భుజాలు దిగాయి. చంక దిగని బిడ్డని ఎవరో అందుకున్నట్టు చేతులు ఒకసారి పైకి లేచి, ఒళ్ళో పడ్డాయి. ముఖం తేటపడింది. వరండాలో చుట్టూ చూసి, లేచి, మిగతావాళ్ళతో పాటు బస్సెక్కింది. వెళ్ళేటప్పుడు మెట్టు ఒక్కొక్కరికి ఒక్కసారే కిర్రుమంది.

ఆమె కాలు పెట్టినప్పుడు రెండుసార్లు.

ముందు సీటు దగ్గర అత్తగారు నిలబడి ఉంది. సాటి ప్రయాణికుల్ని అడిగినట్టు మర్యాదగా అడిగింది.

"ఇక్కడెవరైనా ఉన్నారా అమ్మా?"

"లేరు. కూర్చోండి."

మంచు విడిపోయింది. బస్సు కదిలింది. కొంత దూరం పోయాక అత్తగారు ఆమె వైపు తిరిగి, పోల్చుకోవాలని కళ్ళు చికిలించింది. "ఎక్కడో చూశాను నిన్ను. ఎవరమ్మాయివి?"

కోడలినని చెప్పడానికి మధ్యలో మనిషి లేడు.

"మీ అమ్మాయినే."

అత్తగారు ఆమె ముఖం కాసేపు చూసి, నుదురు కొట్టుకుంది. "చూడు నా మతి. మంచు బుర్రలోకి కూడా దూరినట్టుంది." ఆమె చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారు అంత తేలిగ్గా ఎప్పుడూ ఆమె చెయ్యి పట్టుకోలేదు.

ముందు నుంచి నిదానం గొంతు వినిపించింది. "అమ్మా, బండి ఎడమకి లాగుతోంది. మీరు కూర్చున్న వైపు."

"తెలుసు బాబాయ్. మెల్లగా పోనీ."

ఊళ్ళోకి రాగానే ఆమె కొండల టూరు ఎత్తేసింది. అద్దం మీది పోస్టరు చింపింది. అడ్వాన్సులు వెనక్కిచ్చింది. ఆశ పెట్టుకున్నవాళ్ళు తిట్టారు, బతిమాలారు. రెండో ఆఫీసు మూతపడింది. డ్రాయింగు మాస్టారి కూతురికి ఫోను చేసి, తను చూసిందంతా ఏదీ దాచకుండా చెప్పింది.

"అయితే మా అమ్మ ఆ ఇంటి వెనకుందా?" అనడిగింది ఆ అమ్మాయి.

"నాకు తెలీదమ్మా."

ఎదురు వరసలోని ఇంకో ట్రావెల్స్ అతను ఒక సీజను కూడా ఆగలేదు. కొండల టూరు తను మొదలుపెట్టాడు. 'మలుపు దగ్గర టీ ఉచితం' అని పోస్టరు వేశాడు. అతని బస్సులు నిండుగా పోతున్నాయి. ఆమె సముద్రం వైపూ, కోటల వైపూ టూర్లు వేసుకుని మళ్ళీ నెమ్మదిగా నిలదొక్కుకుంది. నిదానం ఆమెతోనే ఉన్నాడు. ఆమె బస్సెక్కిన రోజున ఎడమ వైపు టైర్లలో గాలి కాస్త ఎక్కువ కొట్టిస్తాడు. ఎందుకని ఆమె అడగదు.

అత్తగారు ఫోను దగ్గరే కూర్చుంటుంది. బేరాలు బాగానే తెస్తుంది గానీ, బాధలు చెప్పుకునేవాళ్ళు ఇప్పుడు ఆవిడకి ఎక్కువసేపు చెప్పరు. ఇంట్లో ఆవిడకి వచ్చిన కొత్త బెంగ ఒక్కటే: ఇంత వయసొచ్చినా కూతురికి పెళ్ళి కాలేదు. తెలిసినవాళ్ళందరికీ సంబంధాలు చూడమని చెబుతోంది. "మా అమ్మాయి వ్యాపారం అంటూ వయసంతా పాడు చేసుకుంది" అని కళ్ళజోళ్ళ కొట్టతనితో అంటే, అన్నీ తెలిసిన ఆ మనిషి ఆమె వైపు చూడలేక అద్దాలు తుడుస్తూ కూర్చున్నాడు.

ఒక ఆదివారం సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, ఇద్దరూ ముందుగదిలో కూర్చుని ఉన్నారు. అత్తగారు చేతిపని పక్కన పెట్టి సూటిగా అడిగింది.

"నిజం చెప్పు. ఎవరైనా మనసులో ఉన్నారా?"

"ఉన్నాడమ్మా." అత్తయ్యా అని పిలవడం మానేసి అప్పటికి చాలా రోజులైంది.

"నాకు తెలుసులే. ఏం చేస్తాడు?"

"బండి నడుపుతాడు."

"మంచివాడేనా?"

"చాలా. కోపం రాదు. నీళ్ళు ఎక్కువ తాగుతాడు. బండి తుడవకుండా బయల్దేరడు. పాటలు పాడతాడు గానీ ఒక్కటీ మొత్తం రాదు." చెబుతుంటే ఆమెకి మాటలు ఆగలేదు. అత్తగారు కొత్త కథ వింటున్నట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. మధ్యలో నవ్వింది. ఒకచోట "వాళ్ళమ్మ బాగా పెంచింది" అంది. ఆమె ఆ మాటకి తల దించుకుని, కాసేపు ఎత్తలేదు.

ఎత్తేసరికి అత్తగారు ఆమెని చూడడం లేదు. ఆమె భుజం మీదుగా వీధి గుమ్మం వైపు చూస్తోంది. బాగా అలవాటు లేని మనిషిని చూసినప్పటి కుతూహలం ఉంది ఆ చూపులో.

"ఈ అబ్బాయేనా?" అంది గొంతు తగ్గించి. "ఎంతసేపని గుమ్మంలోనే నిలబెడతావే, పాపం? లోపలికి రమ్మను."